పత్రిక మందమంత సందు

పెళ్ళి పత్రిక చేతికొస్తే అందరూ ముందు పేర్లు చూస్తారు. తర్వాత ముహూర్తం, ఆ తర్వాత భోజనాలు ఎక్కడో చూస్తారు. నేను మాత్రం ముందు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్ది మందం చూస్తాను. ఇదేమీ పుట్టుకతో వచ్చిన అలవాటు కాదు. ఒక మనిషి దగ్గర అంటుకుంది.

మొన్న ఆదివారం మా అమ్మాయి తన పెళ్ళి పత్రికల నమూనాలు మూడు పట్టుకొచ్చి నా చేతిలో పెట్టింది. నేను అలవాటు ప్రకారం రుద్దడం మొదలుపెట్టాను. మొదటిది మరీ పలచన. రెండోది మెరుపు కాగితం, వేడి తగిలితే పొక్కుతుంది. మూడోది బాగుంది, వేళ్ళకు గట్టిగా తగిలింది.

"పప్పా, అందులో నా పేరున్నది. జరా చదువు" అంది అమ్మాయి. మావాళ్ళు సిరిసిల్ల వైపు నుంచి నేతపనికి వలస వచ్చిన మరాఠీ ఊరిది. ఆమె చదివింది మరాఠీ బడిలో, పని చేసేది కాల్హేర్‌లో ఒక గోదాములో. ఒక్క మాటలో మూడు భాషలు కలుపుతుంది కానీ కోపం మాత్రం తెలుగులోనే వస్తుంది.

"గిది మంచిగున్నది. ఒక్క పొర చాలు" అన్నాను.

"ఒక్క పొర ఏంది? దేనికి చాలు?"

"చోక్‌కు" అంది నా భార్య వంటింట్లోంచి. చపాతీ తిప్పుతున్న చప్పుడు కాసేపు ఆగింది. "కాక ఉంటే గిట్లనే అనేటోడు" అంది.

కాక చనిపోయి మూడు నెలలైంది. 

ఆయన్ని మేమంతా కాకా అనేవాళ్ళం. మరాఠీవాళ్ళకూ చిన్నాన్న వరుసకు అదే మాట కాబట్టి వాళ్ళూ కాకా అనేవారు. నిజాంపురా బజారులో ఉత్తరం తెచ్చేవాడికి కూడా ఆయన అసలు పేరు తెలియదు. కరెంటు బిల్లు మీద ఉన్న పేరు ఆయనకు ఆ బజారులోని దుకాణం గది అమ్మినవాడిది. దాన్ని మార్పించుకోమని ఎందరు చెప్పినా "కరెంటుకు తెలుసు నేనెవరో" అని నవ్వేవాడు.

ఆ గది పొడుగ్గా, సన్నగా ఉండేది. ఒక పక్క గిన్నెల దుకాణం, ఇంకో పక్క చాయ్ బండి. ఆయన నేల మీద కూర్చుని కాళ్ళు చాపితే పాదాలు రోడ్డు మీదికి వచ్చేవి. సైకిళ్ళవాళ్ళు, హాతుబండ్లు తోసేవాళ్ళు చూసుకుని పక్కకు తిప్పుకునేవారు గాని ఆయనను కాళ్ళు తీయమని ఎవరూ అనలేదు. కళ్ళద్దాల కాడ ఎప్పుడో విరిగితే దాని బదులు రాగితీగ మెలిపెట్టి చెవికి తగిలించుకున్నాడు. ఆ తీగ చెవి వెనక పచ్చటి మరక చేసేది. 

ఫ్యాన్లు, మోటార్లు బాగుచేయడం ఆయనకు బతుకుదెరువు. చోక్‌లు చేయడం మాత్రం ఇష్టం. చోక్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. కాలిపోయిన పాత ట్రాన్స్‌ఫార్మర్లలోంచి పలుచటి ఇనుప రేకులు ఏరి, తుడిచి, ఒకదాని మీద ఒకటి పేర్చి దిమ్మ కట్టాలి. దాని చుట్టూ రాగితీగ వరసలు వరసలుగా చుట్టాలి. ఆ చుట్టను కరెంటు వచ్చే దారిలో కలిపితే అది కరెంటును ఒక్కసారిగా మీద పడనివ్వదు. ఒకప్పుడు ఈ ఊళ్ళో ట్యూబులైటుకు కావాలన్నా, ఫ్యాను మెల్లగా తిరగాలన్నా, వెల్డింగు మెషిన్ దూకుడు తగ్గాలన్నా ఆయన దగ్గరికే వచ్చేవారు.

"కాకా, ఇది కరెంటును ఆపుతదా?" అని ఎవరైనా అడిగితే ఆయన నొచ్చుకునేవాడు. "ఆపుడెందుకు? ఆపాల్నంటే స్విచ్చి లేదా? జాతరకు పోతున్న పోరడు ఉరుకుతనే అంటడు. నేను చెయ్యి పట్టుకుంట. గంతే. జాతరకు పోవద్దని నేనెందుకంట?"

దిమ్మ బిగించి కరెంటు ఇచ్చాక ఆయన ఒక పని చేసేవాడు. స్క్రూడ్రైవర్ మొనను ఇనుముకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. చోక్ లోపల గుంయ్ అని ఒక చప్పుడు ఉంటుంది. ఆ చప్పుడులో ఆయనకు చాలా వినిపించేది. "గిది భజన చేస్తున్నది, మంచిగున్నది" అనేవాడు. లేదా మొహం చిట్లించి, "గిది తిడుతున్నది. రేకు ఒకటి లూజున్నది" అని మళ్ళీ విప్పేవాడు. 

చిన్నమ్మ, అంటే ఆయన భార్య, అదే గదిలో వెనక భాగాన కూర్చుని సాంచాలకు కండెలు చుట్టేది. మరమగ్గాలను ఇక్కడ మేమంతా సాంచాలనే అంటాం. ఆవిడ నూలు చుట్టేది, ఈయన రాగి చుట్టేవాడు. ఒకరి వీపు ఒకరికి ఆని ఉండేది, గదిలో అంతే చోటు మరి. "నేను చుట్టింది బట్టయితది. ఈయన చుట్టింది గుంయ్ గుంయ్ అంటది" అని ఆవిడ వచ్చినవాళ్ళందరితో అనేది. ఆ మాట వందోసారి విన్నా కాక మొదటిసారి విన్నట్టే మురిసిపోయేవాడు.

ఇక ఆయన లెక్క గురించి చెప్పాలి. తీగ చుట్టేటప్పుడు ఆయన పైకి లెక్కపెట్టేవాడు. పది చుట్లకు ఒక చింతగింజ పక్కన పెట్టేవాడు. లెక్క తప్పితే మొత్తం విప్పి మళ్ళీ చుట్టాల్సిందే, అందుకని ఆ సమయంలో ఆయన నోట వేరే మాట వచ్చేది కాదు. అలాగని ఎవరైనా పలకరిస్తే మాట్లాడకుండా ఉండేంత మర్యాద లేనివాడూ కాదు. అందుకని ఆ అంకెలతోనే మాట్లాడేవాడు.

"కాకా, చాయ్ తాగుతవా?" అని బండివాడు అడిగితే "ముప్పై నాలుగు" అనేవాడు. చాయ్ వచ్చేది. "కాకా, నా మోటారు అయిందా?" అంటే "ముప్పై ఐదూ..." అని సాగదీసేవాడు. కాలేదని అర్థం. బేరమాడేవాడు వస్తే "ముప్పై ఆరు!" అని గట్టిగా అనేవాడు, వాడు మెల్లగా జారుకునేవాడు. అలవాటైనవాళ్ళం ఆ గొంతును బట్టి పోల్చుకునేవాళ్ళం. కొత్తవాళ్ళు మాత్రం తికమకపడేవారు. ఒకాయన పక్క సందుకు దారి అడిగి, "నలభై రెండు" అన్న జవాబు విని, ఆ నెంబరు ఇల్లు వెతుక్కుంటూ చాలా దూరం పోయాడు.

ఆ ఇనుప దిమ్మల్లో పెట్టడానికి ఆయనకు మందపాటి కాగితం కావాలి. దానికి పెళ్ళి పత్రికను మించింది లేదనేవాడు. ఎవరు పత్రిక ఇచ్చినా రెండు వేళ్ళతో రుద్ది, మందం ఎంతో చెప్పి, ఒక రేకు డబ్బాలో వేసుకునేవాడు. పెళ్ళికి మాత్రం పోయేవాడు కాదు. సొంత మేనకోడలి పెళ్ళికి కూడా చిన్నమ్మ ఒక్కతే పోయింది.

నా పెళ్ళికి పిలవడానికి మా నాయన, నేను కలిసి పోయాం. మా నాయన, ఆయన ఒకే కార్ఖానాలో పక్కపక్క సాంచాల మీద పదకొండేళ్ళు పనిచేసినవాళ్ళు. ఒకరి డబ్బాలో కూర ఇంకొకరు తిన్నవాళ్ళు. బొట్టు పెట్టిన పత్రిక, అక్షింతలతో సహా నేనే రెండు చేతులా ఇచ్చాను. ఆయన రుద్దాడు. కళ్ళు పెద్దవి చేశాడు. "మందం మస్తున్నది" అన్నాడు. డబ్బాలో వేసి మూత పెట్టాడు. ఎవరి పిల్ల, ఏ ఊరు అని ఒక్క మాట అడగలేదు.

"మల్ల రాకపోతే ఊకోను" అన్నాడు మా నాయన.

కాక తల ఊపాడు. రాలేదు. మా నాయన ఆ పెళ్ళి పందిట్లో ప్రతి పావుగంటకూ గేటు వైపు చూడడం నాకు గుర్తుంది. ఆ తర్వాత ఏడాది పాటు నిజాంపురా బజారులోంచి కాకుండా చుట్టు తిరిగి పోయేవాడు. నాకూ కష్టమనిపించింది. కొత్తగా వచ్చిన నా భార్యకు కాక గురించి మొదట తెలిసిన సంగతి ఇదే, పెళ్ళికి రాని మనిషి అని.

అయినా అవసరం పడితే ఆయన గడప తొక్కక తప్పలేదు.

నేను సాంచా పని మాని వెల్డింగు నేర్చుకున్నాను. నాగావ్‌లో ఒక శేటు కార్ఖానాలో సగం భాగం అద్దెకు తీసుకుని గేట్లు, గ్రిల్లులు, గోదాముల్లో సరుకు పెట్టుకునే ఇనుప అరలు చేసేవాడిని. మిగిలిన సగంలో శేటువి ఎనిమిది సాంచాలు నడిచేవి. చిక్కంతా అక్కడే వచ్చింది. నేను రాడ్ ఇనుముకు తగిలించిన ప్రతిసారీ లైట్లు మసకబారేవి, సాంచాల మోటార్లు ఒక్క క్షణం నీరసపడేవి. ఆ క్షణంలో పేక, అంటే అడ్డపోగు, సరిగ్గా పడక బట్టలో అడ్డంగా చార వచ్చేది. ఆ బట్ట వెనక్కి వచ్చేది. శేటు మా సిరిసిల్ల వైపు మనిషే. మనోడే కాబట్టి ఇంకా గట్టిగా అన్నాడు.

"నీ మెషిన్ కాలవడ, నా బట్ట ఆగమైతున్నది. వారం చూస్త. లేకుంటే నీ సామాను రోడ్డు మీద ఉంటది."

ఆ చోటు పోతే నాకు వేరే దారి లేదు. ఉన్నదంతా ఆ మెషిన్ మీద, ఆ షెడ్డు మీద పెట్టాను. పెళ్ళై ఏడాది కాలేదు. సాంచా మానేసినందుకు మా నాయన అప్పటికే నాతో సరిగ్గా మాట్లాడడం లేదు. మళ్ళీ పోయి కూలికి సాంచా పట్టుకుంటే ఆయన ఏమంటాడో నాకు తెలుసు. ఏమీ అనడు. అదే నేను తట్టుకోలేనిది.

పోయి సంగతి చెబితే కాక వచ్చాడు, నా మెషిన్ వంక కూడా చూడలేదు. శేటు సాంచా పక్కన కూర్చుని బట్ట మీద అరచెయ్యి పెట్టి, "ఇప్పుడు కొట్టు" అన్నాడు. నేను రాడ్ తగిలించాను. ఆయన బల్బు చూశాడు, బట్ట చూశాడు. "నాలుగు రోజులు" అని లేచి పోయాడు.

నాలుగో రోజుకు చిన్నపిల్లవాడంత బరువున్న చోక్ ఒకటి భుజాన పెట్టుకుని వచ్చాడు. కరెంటు దారికీ నా మెషిన్‌కూ మధ్య కలిపాడు. రాడ్ తగిలిస్తే బల్బు రెప్ప వేసినట్టు వేసి ఊరుకుంది, సాంచాలు సాంచాల దారిన నడిచాయి. శేటు బట్టలో చార పోయింది. రెండు నెలలు హాయిగా గడిచాయి.

ఇప్పుడు నా తెలివితేటలు చెప్పాలి. 

చోక్ గుంయ్‌మంటూనే ఉండేది. కాక లెక్కలో అది భజన. నా చెవికి మాత్రం రోజంతా దోమ తిరిగినట్టుండేది. ఒక పొద్దున, కాల్హేర్ గోదాము అరలు ఇంకా సగం మిగిలి ఉండగా, ఆ చప్పుడు సంగతేమిటో చూద్దామని నాలుగు బోల్టులు విప్పాను. లోపల కాళ్ళున్న ఇనుప దిమ్మ ఒకటి, దాని మీద మూత లాంటి అడ్డదిమ్మ ఇంకొకటి. ఆ రెండూ ఒకదానికొకటి తగలడం లేదు. మధ్యలో సందు. ఆ సందులో వార్నిష్ తాగి నల్లబడ్డ అట్టముక్క మడిచిపెట్టి ఉంది.

నేను నేతగాడి కొడుకును. మా ఇంట్లో సందు అంటే బూతుమాట కింద లెక్క. మా నాయన నేసిన ప్రతి తాను వెలుగుకు అడ్డంగా పట్టుకుని చూసేవాడు. ఎక్కడైనా పోగుకూ పోగుకూ మధ్య వెలుతురు కనబడితే ఆ పూట అన్నం ముట్టేవాడు కాదు. బిగువుగా ఉన్నదే మంచి పని అని నాకు పాలతో పాటే వచ్చింది. అలాంటి నాకు ఆ సందు చూడగానే ఒళ్ళు మండింది. పెళ్ళికి రాలేదు, పనీ సరిగ్గా చేయలేదు అనుకున్నాను. అట్టముక్క పీకి అవతల పారేశాను. ఇనుముకు ఇనుము అతుక్కునేలా సుత్తితో కొట్టి, బోల్టులు ఊపిరి బిగబట్టి బిగించాను. చప్పుడు తగ్గింది. నన్ను నేను మెచ్చుకున్నాను.

తీరా రాడ్ తగిలిస్తే మంట లేదు. అగరబత్తి నిప్పులా చిటచిటమని, రాడ్ ఇనుముకే అతుక్కుపోయింది. పీకి మళ్ళీ పెడితే మళ్ళీ అతుక్కుంది. చోక్ పాడైపోయిందని తీర్మానించుకున్నాను. అరలు మర్నాటికి ఇవ్వాలి. చోక్‌ను తప్పించి మెషిన్‌ను నేరుగా కరెంటుకు కలిపి కొట్టాను.

మెయిన్ ఫ్యూజు టపీమంది. ఎనిమిది సాంచాలూ ఒక్కసారిగా ఆగాయి. ఆ చప్పుడులో పుట్టి పెరిగినవాడికి ఆ నిశ్శబ్దం ఎంత భయంకరమో మాటల్లో చెప్పలేను. శేటు వచ్చాడు. పేకను మోసే నాడెలు మధ్యలో ఇరుక్కుపోయిన బట్టల వంక చూశాడు, నా వంక చూశాడు.

"రేపు పొద్దుగూకేవరకు ఖాళీ చెయ్యి" అన్నాడు. ఈసారి అరవలేదు.

నేను కోపంగా నిజాంపురా పోయాను. కాక ఏదో పెద్ద మోటారుకు తీగ చుడుతున్నాడు. 

"కాకా, నీ చోక్ ఖరాబైంది."

"నూటపన్నెండు" అన్నాడు, కూర్చోమన్నట్టు.

"కూసునేటందుకు రాలే. రాడ్ అంటుకపోతున్నది. ఫ్యూజు కొట్టేసింది. శేటు రేపటికల్లా ఖాళీ చెయ్యమన్నడు."

"నూటపదమూడు?" కంగారుపడ్డాడు. చెయ్యి మాత్రం ఆగలేదు.

"నా బతుకు రోడ్డు మీద పడ్డది. నువ్వు అంకెలు చెప్పుకుంట కూసో!"

"నూటపద్నాలుగు" అన్నాడు మెత్తగా, బతిమాలుతున్నట్టు.

"పని జేసేటప్పుడు మంచిగ జేయాలె గదా! లోపల గంత సందు ఇడిచినవ్. నేను సూడననుకున్నవా? విప్పి, కొట్టి, బిగించిన."

చెయ్యి ఆగిపోయింది. అన్నేళ్ళలో ఆయన లెక్క మధ్యలో ఆగడం నేను చూసింది ఆ ఒక్కసారే. వెనక చిన్నమ్మ కండె కూడా ఆగింది. కాక నా వైపు తిరిగి కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు.

"బిగించినవా?"

"బిగించిన."

నవ్వడం మొదలుపెట్టాడు. రాగికాడ చెవి నుంచి ఊడి కళ్ళద్దాలు ఒళ్ళో పడేదాకా నవ్వాడు. "ఓ నీ యవ్వ, నేతోని బుద్ధి పోనిచ్చినవు కాదు! నేను గూడ మొదటి చోక్‌కు గట్లనే సందు లేకుంట బిగించిన. నెల దినాలు ఎందుకు నడుస్తలేదో తెల్వక పరేషానైన. అరే, ఇది బట్ట గాదు బిడ్డా. ఇనుము, ఇనుము అతికితే అది కరెంటు చెయ్యి పట్టుకునుడు గాదు, గొంతు పట్టుకుంటది. ఇగ మంట ఎట్ల లేస్తది?"

ఆయన కళ్ళు తుడుచుకుని, "అట్ట ఏం జేసినవ్?" అన్నాడు.

"పడేసిన."

నవ్వు ఆగింది. "యాడ?"

"కార్ఖానాలనే, దూది చెత్తల. వేరే అట్ట పెడితే అయిపోదా?"

"దాని మందం సూసి తీగ చుట్టిన. వేరేది ఎట్ల పెడత?" అంటూ చెప్పులు వేసుకున్నాడు. చుడుతున్న మోటారు, నూటపద్నాలుగు చుట్ల లెక్కా అక్కడే వదిలేశాడు. "లెక్క పోయింది" అంది చిన్నమ్మ ఆశ్చర్యంగా. "పోనీ" అని నా బండి వెనక ఎక్కాడు.

నాగావ్ షెడ్డులో మూలన వారం దూది, నూలు పోగులు కుప్పగా ఉన్నాయి. ఆయన పంచె పైకి కట్టి ఆ కుప్పలో కూర్చుని రెండు చేతులా వెతికాడు. శేటు, సాంచాలవాళ్ళు చుట్టూ నిలబడి చూస్తున్నారు. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. కాసేపటికి ఆ నల్లటి ముక్క దొరికింది. జేబులోంచి గుడ్డ తీసి, దాన్ని థిన్నరులో ముంచి, మెల్లగా తుడిచాడు. వార్నిష్ కింద నుంచి బంగారు రంగు అక్షరాలు తేలాయి.

అది నా పెళ్ళి పత్రిక. పైన నా పేరు, కింద నా భార్య పేరు.

ఏమనాలో తోచనప్పుడు మనిషి అన్నింటికంటే పిచ్చి మాటే అంటాడు. "నువ్వు పెండ్లికి రాలే" అన్నాను.

కాక తల వంచుకుని అట్ట తుడుస్తూనే ఉన్నాడు. "నాకు మంది నడుమ కూసునుడు రాదు కొడుకా. అందరు వచ్చి ఏదో అడుగుతరు. ఎట్లున్నవ్, ఏం జేస్తున్నవ్, తిన్నవా అని. నా నోట్లెకెళ్ళి అంకెలే వస్తయి. నవ్వుతరు. మీ నాయినకు ఇజ్జత్ పోతదని రాలే." అట్టను నా వైపు తిప్పి, "గందుకే పత్రిక ఈడ పెట్టిన. ముహూర్తం అయిపోతది, దాన్ని కోసి పక్కకు పెడత. పేర్లు ఉంటయి గదా, పేర్లు పెడత" అన్నాడు.

రెండు నెలలుగా నేను కొట్టిన ప్రతి అతుకూ ఆ పత్రిక మీదుగానే వచ్చిన కరెంటుతో కొట్టాను. పెళ్ళికి రాలేదని ఏడాదిగా ఆ మనిషి మీద కక్ష పెట్టుకున్నాను.

ఆయన అట్టను ఉన్న మడతల మీదే మడిచి, సందులో పెట్టి, బోల్టులు బిగించాడు. స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని విన్నాడు. భజన మొదలైంది. "శేటూ, నీ సాంచాలన్ని నడిపియ్యి" అన్నాడు. ఎనిమిదీ నడిచాయి. శేటు ఒక సాంచా పక్కన నిలబడి బట్ట మీద చెయ్యి పెట్టాడు. నేను రాడ్ తగిలించాను. మంట లేచింది. బల్బు రెప్ప వేసింది. ఇలా పదిసార్లు కొట్టించాడు శేటు. పదోసారి అయ్యాక బట్టను కొంచెం విప్పి వెలుగుకు పట్టి చూశాడు, మా నాయన చూసినట్టే. చార లేదు. వెళ్ళిపోయాడు. కాసేపటికి మా ఇద్దరికీ చాయ్ పంపాడు. నా సామాను రోడ్డెక్కలేదు. ఇరవై నాలుగేళ్ళైంది, ఇవాళ్టికీ అదే షెడ్డు.

ఆ మధ్యాహ్నమే నా భార్య అన్నం డబ్బా తీసుకుని వచ్చింది. పెళ్ళికి రాని మనిషిని ఆమె చూడడం అదే మొదలు. జరిగింది విని నవ్వాపుకోలేక, "కాకా, గా సందు అంత అవసరమా?" అని అడిగింది.

"అవసరమే కోడలా. సందు లేకుంటే ఒకటి ఇంకోదాన్ని మింగుతది, పని ఆగుతది. సందు ఎక్కువైతే పట్టు తప్పుతది." రెండు వేళ్ళు దగ్గరగా పెట్టి చూపించాడు. "గింత. పత్రిక మందం. గంతకన్న ఎక్కువొద్దు, తక్కువొద్దు."

ఆయన చోక్ గురించే చెప్పాడని నేను ఇప్పటికీ వాదిస్తాను. నా భార్య ఒప్పుకోదు. ఇంట్లో నేను మరీ నస పెడితే రెండు వేళ్ళు దగ్గర పెట్టి "పత్రిక మందం" అంటుంది. నేను లేచి చాయ్ తాగడానికి బయటికి పోతాను. నేను రెండు రోజులు అలిగి మాట్లాడకపోయినా అవే రెండు వేళ్ళు చూపిస్తుంది. అప్పుడు వచ్చి కూర్చుంటాను.

ఆ సాయంత్రమే మా నాయన దగ్గరికి పోయి సంగతంతా చెప్పాను. ఆయన, "అంకెలు జెప్పితే ఏమైతుండె? నేను లేనా పక్కన, అర్థం జెప్పేటందుకు?" అన్నాడు. మర్నాడు నిజాంపురా బజారులోంచే పోయాడు.

తర్వాత తర్వాత చోక్‌ల అవసరం తగ్గింది. ట్యూబులైట్లు పోయాయి. భుజానికి తగిలించుకునే చిన్న వెల్డింగు మెషిన్లు వచ్చాయి, నా దగ్గరా ఒకటుంది. మందపాటి ఇనుముకు మాత్రం నాకు ఆ పాత మెషిన్, ఆ చోకే కావాలి. పాత సామాను కొనే భంగారువాడు నెలకోసారి వచ్చి దానిలోని రాగి వైపు ఆశగా చూసి పోతుంటాడు. కాకకు ఈ కొత్త మెషిన్ల మీద కోపమేమీ ఉండేది కాదు. ఒకటి విప్పించుకుని, లోపల చూసి, "మంచిగనే చేసిండ్రు. కానీ భజన లేదు" అన్నాడు.

చివరిసారి చూడబోయినప్పుడు ఆయన మంచం మీద ఉన్నాడు. చేతివేళ్ళు దుప్పటి మీద ఏదో చుడుతున్నట్టు తిరుగుతున్నాయి. "మాటలు బందైనయి బిడ్డా. వట్టి లెక్కనే" అంది చిన్నమ్మ. 

"కాకా, గుర్తువట్టినవా?" అన్నాను.

"డెబ్బై ఆరు" అన్నాడు.

"ఏమంటుండు?" అంది చిన్నమ్మ.

"కూసోమంటుండు."

"మరి కూసో" అని పీట జరిపింది. నేను కూర్చున్నాను. చాలాసేపు మాట్లాడుకున్నాం. నేను నా పని సంగతులు, అమ్మాయి సంబంధం సంగతి చెప్పాను. ఆయన నూటనలభై దాకా వచ్చాడు. అమ్మాయి పెళ్ళి ఖాయమైందన్నప్పుడు వచ్చిన అంకెలో ఎంత సంతోషం ఉందో నాకు, చిన్నమ్మకు తెలుసు.

పెద్దకర్మ అయ్యాక చిన్నమ్మ ఆ రేకు డబ్బా నా చేతిలో పెట్టింది. ఇంటికొచ్చి మూత తీస్తే నిండా పత్రికల ముక్కలు. అన్నీ ముహూర్తాలు, భోజనాల వేళలు, మండపాల దారులు. ఒక్కదాని మీదా పేరు లేదు. ఆ పేర్లన్నీ ఈ ఊరి షెడ్లలో, గోడల మీద, ఇనుప దిమ్మల మధ్య కూర్చుని ఉన్నాయని తెలిసి నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. నా పెళ్ళి భోజనాల ముక్క కూడా అందులో దొరికింది.

అందుకే మొన్న ఆదివారం మూడో నమూనాను చేతిలోకి తీసుకుని అమ్మాయిని అడిగాను, "ఒకటి కోసుకోనా బిడ్డా?" అని.

"నా కార్డును కోస్తవా? గా చోక్‌ల పెడతవా?" అంది. వాళ్ళమ్మ వచ్చి పక్కన కూర్చుని కథంతా చెప్పింది. అమ్మాయి చివరిదాకా వింది. లేచి వెళ్ళి కత్తెర తెచ్చింది. "నేనే కోస్త. పేర్లు మధ్యలకు రావాలె, అచ్ఛా?" అని నీటుగా కోసి ఇచ్చింది.

మొదటి పత్రిక దేవుడి ముందు పెట్టాం. రెండోది, అమ్మాయి కోసిచ్చింది, కాకకు.

కానీ ఒక చిక్కుంది. మా పత్రిక మీద ఇంకో పొర పెడితే సందు పెరుగుతుంది. సందు పెరిగితే కరెంటు మీద పట్టు తప్పుతుంది. కాక నేర్పిన లెక్క ప్రకారం ఆ ఒక్క పొరకు ఇంకో ఇరవై రెండు చుట్లు వేయాలి. చోక్‌ను ఇంటికే మోసుకొచ్చి, అమ్మాయి పేరును మా పేర్ల మీద పెట్టి, నేల మీద కాళ్ళు చాపుకుని తీగ చుట్టడం మొదలుపెట్టాను. రెండు చింతగింజలు కూడా సిద్ధంగా పెట్టుకున్నాను.

"అన్నం పెట్టాల్నా?" అంది నా భార్య వంటింట్లోంచి.

"పద్దెనిమిది" అన్నాను.

ఆమె కంచం కడిగి వడ్డించింది.